డబ్బు, కోర్టు, పన్ను – మన తిరుపతి, చిత్తూరు వైపు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే పని నాది. దాంతోపాటు బ్యాంకు నోటీసు వచ్చినా కోర్టు కాయితం వచ్చినా తెలిసినోళ్ళు పట్టుకొచ్చి ఇదేందో రొంత చదివి చెప్పు అంటారు. అట్లా మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఒక మాట ముందే చెప్పాలి, నేను చూసినంతలో మనోళ్ళకి రావాల్సిన డబ్బు ఎక్కువగా గడువు దాటిపోయే పోతా ఉంది. హక్కు ఉంటుంది, కాయితాలు ఉంటాయి, కానీ వచ్చేసరికే టైం అయిపోయి ఉంటుంది. అందుకే కింద ఎక్కడెక్కడ ఎన్ని రోజులు అనేది చెప్తూ పోతా, అది మాత్రం గుర్తు పెట్టుకోండి. మొత్తం పెద్దదైతే ఇది చదివి ఆగిపోకుండా లాయర్ని కలవండి.

యూపీఐలో డబ్బు కట్ అయింది, అవతలోళ్ళకి చేరలేదు. ఏం చేయాలి?

ముందు కంగారుపడి రెండోసారి కొట్టకండి. మనిషికి పంపింది ఫెయిల్ అయితే మరుసటి రోజుకల్లా, షాపులో స్కాన్ చేసింది అయితే 5 రోజుల్లోపు దానంతట అది వెనక్కి రావాలి, ఇది 2019లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన రూలు. అది దాటితే రోజుకి 100 రూపాయలు లెక్కన బ్యాంకే మీకు కట్టాలి, మీరు అడగకపోయినా వేయాలి అని ఉంది గానీ అడిగితేనే పని అవుతుంది. యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల రెఫరెన్స్ నంబరు కనపడుతుంది, బ్యాంకులో కంప్లైంట్ ఇచ్చేటప్పుడు అదే ముఖ్యం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నంబరు తప్పు కొట్టి ఎవరికో పంపేసినా, బ్యాంకోళ్ళు వెనక్కి లాగిస్తారా?

లాగరు. బ్యాంకు లెక్కలో అది సక్సెస్ అయిన లావాదేవీ. మీ బ్యాంకులో కంప్లైంట్ ఇస్తే వాళ్ళు అవతలి బ్యాంకు ద్వారా ఆ మనిషిని అడుగుతారు, ఆయన ఒప్పుకుంటేనే డబ్బు వస్తుంది. ఒప్పుకోకపోతే లాయరు నోటీసు, పోలీసు కంప్లైంటు. పిన్ కొట్టే ముందు పేరు కనిపిస్తుంది కదా, ఆ ఒక్క క్షణం ఆగి చూస్తే ఈ గోలంతా ఉండదు.

మోసం చేసి అకౌంట్లో డబ్బు లాగేసినారు. తిరిగి వస్తుందా?

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వెంటనే అంటే ఆ నిమిషమే, ఇంట్లో వాళ్ళకి చెప్పి వాళ్ళతో తిట్లు తిని రేపు పొద్దున పోదాంలే అనుకుంటే ఆ లోపల ఆ డబ్బు నాలుగు అకౌంట్లు మారి ఏటీఎంలో డ్రా అయిపోయి ఉంటుంది. తొందరగా చెప్తే మధ్యలో ఏదో ఒక అకౌంట్లో పట్టి ఆపే అవకాశం ఉంది. 1930 తర్వాత మీ బ్యాంకుకి చెప్పి కంప్లైంట్ నంబరు తీసుకోండి.

ఇక తిరిగి వచ్చే సంగతి. 2017లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది ఏమంటే, మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా, మధ్యలో ఎక్కడో జరిగిన లోపంతో డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో మీరు బ్యాంకుకి చెప్తే మీకు రూపాయి కూడా నష్టం ఉండకూడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ అకౌంటుకి మీ మీద పడేది 10,000 దాకా. 7 పనిదినాలు దాటితే బ్యాంకు పాలసీ ఎట్లా ఉంటే అట్లా. ఓటీపీనో పిన్నో మీరే చెప్పేసి ఉంటే, మీరు కంప్లైంట్ చేసేదాకా పోయింది మీ మీదే, చేసిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు మీద. అందుకే సిగ్గుపడి దాచుకోకండి, చదువుకున్నోళ్ళే ఎక్కువ దాస్తారు ఈ విషయం. డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు, వీడియో కాల్‌లో డిజిటల్ అరెస్ట్ చేస్తాం అంటే అట్లాంటిది మన చట్టంలోనే లేదు, ఈ రెండూ ఇంట్లో పెద్దోళ్ళకి చెప్పి పెట్టండి.

కొండ మీద రూము, దర్శనం టికెట్ అని ఆన్‌లైన్‌లో కట్టినా, అది దొంగ సైట్ అంట

మన ఊరికి వచ్చే చుట్టాలు ఎక్కువగా పడేది ఇందులోనే. టీటీడీ అధికారిక సైట్ చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, అది లేకపోతే ఎంత అందంగా ఉన్నా కట్టొద్దు, స్వామి బొమ్మ పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. కట్టేసి ఉంటే పైన చెప్పినట్టే 1930. ఒరిజినల్ సైట్‌లోనే 300 రూపాయల దర్శనం టికెట్‌కి డబ్బు కట్ అయి టికెట్ రాలేదంటే అది మోసం కాదు, రిలీజ్ రోజు రద్దీలో అట్లా అవుతుంది, వెనక్కి పడుతుంది. రూములిప్పిస్తాం అని బస్టాండు దగ్గర వెంటపడేవాళ్ళకి మాత్రం అడ్వాన్స్ కొట్టకండి.

మా అంగడి అకౌంట్ ఫ్రీజ్ అయిపోయింది, మేము ఏ తప్పూ చేయలే!

ఈ మధ్య చిన్న వ్యాపారులకి ఇది పెద్ద తలనొప్పి. ఎవరో మోసం చేసిన డబ్బులో నుంచే మీ దగ్గర వెయ్యి రూపాయల సరుకు కొని స్కాన్ చేసి ఉంటాడు, ఆ డబ్బు దారి పట్టుకుని ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులు మీ అకౌంట్ ఆపమంటారు. బ్యాంకుకి పోయి గట్టిగా అడగాల్సింది మూడు – కంప్లైంట్ నంబరు ఏది, ఏ స్టేషను, ఎంత మొత్తం. ఆ మూడూ తెలిస్తే ఆ రోజు బిల్లు, జీఎస్టీ ఉంటే అది, అంగడి లైసెన్సు జతచేసి ఆ స్టేషనుకి మెయిల్‌లో రాయండి, గొడవలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని అడగండి. బ్యాంకు మేనేజర్‌తో కొట్లాడితే లాభం లేదు, ఆయన చేతిలో లేదు.

బ్యాంకు పట్టించుకోకపోతే?

రాసి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకి 14448.

చేబదులు ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నా. ఎన్నాళ్ళు చెల్లుతుంది?

రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళు. ఈ ఒక్క ముక్క తెలియక పోయిన డబ్బు మన పల్లెల్లో ఇంతా అంతా కాదు. ఇచ్చేది తెలిసినోళ్ళకే, బామర్దికో వియ్యంకుడికో, అడగాలంటే మొహమాటం, ఈ ఉగాదికి ఇస్తా సంక్రాంతికి ఇస్తా అంటూనే మూడేళ్ళు దాటిపోతాయి, ఆ తర్వాత కోర్టుకి పోతే నోటు చూసి జడ్జి కొట్టేస్తారు.

దీనికి దారి చెల్లు వేయించుకోవడం. మూడేళ్ళు దాటక ముందే ఆయన ఎంతోకొంత, వెయ్యి అయినా సరే, కట్టి నోటు వెనకాల తేదీ వేసి ఫలానా మొత్తం చెల్లించాను అని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు లెక్క మొదలవుతుంది. సంతకం బాకీ ఉన్నాయన పెట్టాలి, మీరు రాసుకుంటే పనికిరాదు. మూడేళ్ళు దాటిపోయినాక కూడా ఆయన మంచోడై ఆ పాత బాకీ ఇస్తాను అని కొత్తగా రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది, అంటే కొత్త నోటు రాయించుకోండి.

నోటు రాసేటప్పుడే చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం స్టాంపు మీదుగా పోయేట్టు పెట్టించండి, స్టాంపు లేని ప్రోనోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత ఫైన్ కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు. వడ్డీ నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం అని స్పష్టంగా రాయించండి. డబ్బు 20,000 లేదా అంతకన్నా ఎక్కువ అయితే క్యాష్ ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే పోవాలి, లేకపోతే తీసుకున్నాయన మీద అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఇద్దరూ రైతులై, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మాత్రం మినహాయింపు ఉంది. ఇంకా, వచ్చే వడ్డీ మీ ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి.

చెక్కు బౌన్స్ అయింది, ఎప్పటిలోగా కేసు వేయాలి?

చెక్కు మీద తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయితే బ్యాంకు ఒక చిన్న మెమో ఇస్తుంది, ఫండ్స్ ఇన్‌సఫీషియంట్ అని కారణం రాసి ఉంటుంది, ఆ మెమో పారేయొద్దు, కేసంతా దాని మీదే నిలబడుతుంది. మెమో జూన్ 5న మీకు అందింది అనుకోండి, 30 రోజుల్లో అంటే జులై 5 లోపు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పోవాలి. ఆయనకి జులై 8న అందితే 15 రోజులు టైం, జులై 23 దాకా. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల, ఆగస్టు 23 లోపే కోర్టులో వేసేయండి. మీ అకౌంట్ ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే వేయొచ్చు, కాబట్టి చెక్కు ఇచ్చినాయన చెన్నైలో ఉన్నా మీరు తిరుపతి కోర్టులోనే వేసుకోవచ్చు. శిక్ష 2 ఏళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ.

ఫైనాన్సు వాళ్ళకి ఖాళీ చెక్కు సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళకి ఒక మాట. సంతకం మీదని ఒప్పుకుంటే ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చినారని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సిన బరువు మీ మీద పడుతుంది. దయచేసి ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే చెక్కు నంబరు రాసుకుని, సెక్యూరిటీగా ఇచ్చినానని వాళ్ళతో రాయించుకోండి. బాకీ తీరిన రోజే చెక్కు, నోటు రెండూ వెనక్కి తీసుకోండి, రేపిస్తాలే అంటే కదలొద్దు.

వీధిలో చీటీ వేసినాం, చీటీల ఆమె ఊరు వదిలి పోయింది

1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం చీటీ రిజిస్టర్ చేయాలి, వీధి చీటీలు ఎవరూ చేయరు. అయినా మోసం మోసమే, పోలీసు కేసు పెట్టొచ్చు. మీ చిన్న నోటుబుక్కు, పాట పాడిన రోజు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు, యూపీఐ హిస్టరీ ఇవే సాక్ష్యం. అందరూ కలిసి ఒకే కంప్లైంట్‌గా ఇస్తే స్టేషన్‌లో బలంగా ఉంటుంది.

ఫ్యాక్టరీకి తోతాపురి మామిడి తోలినాం, డబ్బు ఇంకా పడలే

2025 సీజన్లో కిలోకి 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని ప్రకటించినారు కదా, అట్లాంటప్పుడు రెండు బాకీలూ వేరేవేరు అని చూసుకోవాలి. ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది సరుకు అమ్మిన బాకీ, తోలిన రోజు నుంచి 3 ఏళ్ళలోపు దావా వేయొచ్చు. కాటా చీటీ, టోకెన్, లారీ నంబరు ఇవే మీ బలం. కాటా చీటీ ఇంకు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, అందుకే ఆ రోజే ఫొటో తీయండి. మామిడి అమ్మిన ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అది వ్యవసాయ ఆదాయం. కానీ మీకు జీతమో అద్దెలో కూడా ఉంటే, వాటి మీద పన్ను రేటు కట్టేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని లెక్కలో కలుపుతారు.

రోడ్డు ప్రమాదం జరిగింది, క్లెయిమ్ ఎక్కడ వేయాలి?

ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే చోట కూడా వేయొచ్చు. రాణిపేట దగ్గర గుద్దినా చిత్తూరు వాళ్ళు చిత్తూరులోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో 6 నెలల గడువు పెట్టినారు, దాని మీద సుప్రీంకోర్టులో వాదన నడుస్తా ఉంది గానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ, వేలూరు ఆస్పత్రికి పోయుంటే అక్కడి ప్రతి బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, పని మానేసిన రోజుల జీతం లెక్క అన్నీ దాచండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా పరిహారం ఉంది, చనిపోతే 2 లక్షలు, తీవ్రగాయాలైతే 50,000. ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చి పర్సెంటేజీ మాట్లాడే ఏజెంట్లకి ఖాళీ కాయితాల మీద సంతకం పెట్టొద్దు, మనిషి పోయిన బాధలో ఉన్నోళ్ళ దగ్గర ఇట్లా చేస్తారు, చూస్తే కడుపు మండుతుంది.

నాయన పోయినారు. బ్యాంకులో డబ్బు ఎట్లా తీసుకోవాలి?

మొదట చేయకూడనిది చెప్తా, ఏటీఎం కార్డు ఉంది కదా అని డ్రా చేయొద్దు. తర్వాత అన్నదమ్ముల మధ్య గొడవొస్తే అదే మీ మెడకి చుట్టుకుంటుంది. నామినీ ఉంటే డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, క్లెయిమ్ ఫారం ఇస్తే కాయితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు ఇవ్వాలి. కానీ నామినీ అంటే ఆ డబ్బు మొత్తం ఆయనదే అని కాదు, ఆయన చేతికి వస్తుంది అంతే, చట్టప్రకారం వారసులందరికీ వాటా ఉంటుంది. చెల్లెలికి పెళ్ళయిపోయింది కదా అనే మాట కూడా చెల్లదు. నామినీ లేకపోతే సచివాలయంలోనో మీసేవలోనో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టండి, పెద్ద మొత్తమైనా వారసుల మధ్య తేడా ఉన్నా బ్యాంకు కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులు ఎవరో చెప్పే కాయితం) అడుగుతుంది. 2025 నవంబర్ 1 నుంచి ఒక అకౌంటుకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, పోయినాయన పాస్‌బుక్ ఎంట్రీ వేయించి మే చివర, జూన్ మొదట్లో 436 రూపాయలు గానీ 20 రూపాయలు గానీ కట్ అయిందేమో వరుసగా చూడండి. 436 అంటే జీవనజ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాదంతో పోతేనే. 20 అంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఇంట్లో వాళ్ళకి అసలు తెలియదు, బ్యాంకు వాళ్ళు పిలిచి చెప్పరు, క్లెయిమ్ 30 రోజుల్లో ఇస్తే మంచిది. పదేళ్ళు ముట్టని పాత డిపాజిట్లు ఉంటే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ సైట్‌లో పేరు కొట్టి వెతకండి.

లాయరుకి డబ్బు లేదు

ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా చిత్తూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పోండి. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి మొత్తం ఎంత, ఎప్పుడు కడతారు అన్నీ రాయించుకున్నాకే సంతకం. వస్తువులు, సర్వీసుల గొడవలకి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తర్వాత వినియోగదారుల కమిషన్, 2 ఏళ్ళ లోపు, 5 లక్షల దాకా ఫీజు లేదు.

జీతం 12 లక్షల లోపే, పన్ను లేదంటున్నారు, రిటర్న్ ఎందుకు వేయాలి?

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను సున్నా అయ్యేది రిబేటు (లెక్కేసిన పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల, జీతగాళ్ళకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12.75 లక్షలు. కానీ ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. షేర్లు అమ్మిన లాభం లాంటి వాటికి ఈ రిబేటు వర్తించదు, కుర్రోళ్ళు ఇక్కడే దెబ్బతింటా ఉన్నారు. జీతం వాళ్ళకి గడువు మామూలుగా జులై 31, దాటితే డిసెంబర్ 31 దాకా లేట్ ఫీజు 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే వేసినట్టు కాదు.

యూపీఐలో వచ్చే ప్రతి రూపాయికీ పన్నా?

కాదు. ఏ దారిలో వచ్చిందనేది కాదు, అది ఏం డబ్బు అనేది చూస్తారు. తమ్ముడు పంపింది, రూమ్మేట్ అద్దె వాటా ఇచ్చింది ఆదాయం కాదు. పూల అంగడి, టిఫిన్ బండి వాళ్ళకి వ్యాపారంలో యూపీఐ ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం, క్యాష్‌లో 8 శాతం లాభంగా చూపించే సులువు పద్ధతి ఉంది. అంటే 20 లక్షలు యూపీఐలో వస్తే ఆదాయం 1.2 లక్షలే, భయపడి స్కానర్ తీసేయాల్సిన పనిలేదు.

పల్లెలో పొలం అమ్మినాం, పన్ను పడుతుందా?

మున్సిపాలిటీకి ఎంత దూరం అనేదాన్ని బట్టి. జనాభా లక్ష నుంచి 10 లక్షల మధ్య ఉంటే హద్దు నుంచి 6 కిలోమీటర్లు, తిరుపతి, చిత్తూరు రెండూ ఇందులోకే వస్తాయి, శ్రీకాళహస్తి మాదిరి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు. రోడ్డు దూరం కాదు, నేరుగా గీత గీసిన దూరం. అది దాటి నిజంగా సాగులో ఉన్న భూమి అయితే పన్ను లేదు. తహసీల్దారు దగ్గర దూరం సర్టిఫికెట్, పట్టాదారు పాస్‌బుక్, అడంగల్ (సాగు వివరాల కాయితం) దాచుకోండి. హద్దు లోపలైతే, 2 ఏళ్ళ పైన చేతిలో ఉన్నదానికి లాభం మీద 12.5 శాతం, 2024 జులై 23కి ముందు కొన్నది అయితే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి) 20 శాతం లెక్క కూడా చూసి ఏది తక్కువైతే అది. తాతలనాటి భూమి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అడ్వాన్సు క్యాష్‌లో 20,000 గానీ ఆ పైన గానీ తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ, ఇది మాత్రం ఎవరూ వినరు.

పెళ్ళిలో వచ్చిన చదివింపులకి పన్ను?

పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ వచ్చినవాటికి లేదు, ఎవరిచ్చినా ఎంతిచ్చినా. చదివింపుల పుస్తకం పారేయకండి, క్యాష్ బ్యాంకులో వేసినప్పుడు అడిగితే అదే జవాబు. దగ్గరి బంధువులు ఎప్పుడిచ్చినా పన్ను లేదు, స్నేహితులు మామూలుగా ఏడాదిలో 50,000 దాటి ఇస్తే ఉంది.

టీటీడీ ట్రస్టుకి విరాళం ఇచ్చినా, మినహాయింపు వస్తుందా?

పాత పన్ను విధానంలో ఉంటేనే. ట్రస్టు రసీదు మీద 80జీ (విరాళాల మినహాయింపు సెక్షను) అని ఉండాలి, క్యాష్ అయితే 2,000 దాటకూడదు. హుండీలో వేసినదానికి రసీదు ఉండదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

అమ్మ ఎఫ్‌డీ వడ్డీలో బ్యాంకు కట్ చేసుకుంది

60 దాటినోళ్ళకి ఏడాదికి వడ్డీ లక్ష, మిగతావాళ్ళకి 50,000 దాటితే టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ చేస్తారు. పన్ను పడే ఆదాయం లేకపోతే ఏప్రిల్‌లోనే డిక్లరేషన్ ఇవ్వాలి, ఇన్నాళ్ళూ 15హెచ్, 15జీ అని పిలిచింది అదే. కట్ అయిపోయిందంటే రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది.

ఒకాయన పర్సెంటేజీ ఇస్తే రిఫండ్ ఎక్కువ తెప్పిస్తా అంటున్నాడు

పోకండి. ఆయన చేసేది లేని ఇంటద్దె, కట్టని ఎల్ఐసీ, ఇవ్వని విరాళం చూపించడం. రిఫండ్ పడుతుంది, ఆయన పర్సెంటేజీ ఆయన తీసుకుంటాడు, ఏడాది తర్వాత నోటీసు మీ పేరు మీద వస్తుంది, ఎగ్గొట్టిన పన్నుకి రెండింతల దాకా పెనాల్టీ, వడ్డీ వేరే. రిటర్న్‌లో ఇచ్చిన మొబైల్, మెయిల్ మీవేనా ఆయనవా అని లాగిన్ అయి ఇప్పుడే చూసుకోండి. చాలామందికి ఆయనదే ఉంటుంది, నోటీసు వచ్చినా మీకు తెలియదు. తప్పు క్లెయిమ్ అని తెలిసినాక నోటీసు రాకముందే రివైజ్డ్ రిటర్న్ వేసి కట్టేస్తే చాలా మేలు.

ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200 ఎందుకు కట్ అవుతోంది?

మన రాష్ట్రంలో జీతం 20,000 దాటితే 200, 15,000 పైన 20,000 దాకా 150, ఆ లోపైతే లేదు. అంతే.

ఇంటి పన్ను ఎప్పుడు కడితే లాభం?

ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు. ఇల్లు కొన్నవాళ్ళు పాత ఓనరు పేరు మీదే కట్టుకుంటా పోకుండా పేరు మార్పించుకోండి, రేపు బ్యాంకు లోనుకి పోయినా అమ్మబోయినా ఆ రసీదే అడుగుతారు.